కూలే నక్షత్రాలు, పసి న్యూట్రాన్ నక్షత్రాలు, గురుత్వ తరంగాల సిమ్యులేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టులు మొదలయ్యే రోజులొస్తే నా వాట్సాప్‌లో ఒకే రకం మెసేజ్‌లు వరస కడతాయి. పేర్లు మారతాయి, డౌట్లు మారవు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. నా పట్టుదల ఒకటి ముందే చెప్పేస్తాను: ఈ టాపిక్‌లో అందమైన వేవ్‌ఫామ్ గీయడం గొప్ప కాదు. ఆ గీతలో ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అని తేల్చడమే ప్రాజెక్టు.

## టాపిక్ తీసుకునే ముందు

మేడమ్, లైగో ఇప్పటికే గురుత్వ తరంగాలు పట్టేసింది కదా, ఇక మేం చేయడానికి ఏముంది?

గురుత్వ తరంగాలంటే స్థలకాలంలో పుట్టే అలలు. అమెరికాలోని లైగో డిటెక్టర్‌కు 2015 సెప్టెంబర్ 14న దొరికింది రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పటి తరంగం. 2017 ఆగస్టు 17న దొరికింది రెండు న్యూట్రాన్ నక్షత్రాలది. ఆ తరవాత సంకేతాలు వందల్లో వచ్చాయి, కానీ అన్నీ జంటలవే. ఒంటరి నక్షత్రం తన బరువుకు తానే కూలినప్పుడు పుట్టే తరంగం ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. 2023 మే నెలలో ఎం101 గెలాక్సీలో, మనకు సుమారు 2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక సూపర్‌నోవా పేలింది. లైగో డేటా జల్లెడ పట్టారు. ఏమీ లేదు. తరంగాల రూపంలో ఇంతకు మించి శక్తి పోలేదని ఒక హద్దు మాత్రం చెప్పగలిగారు. కాబట్టి చేయాల్సిన పని బోలెడుంది.

ఏ నక్షత్రమైనా ఇలా కూలుతుందా? మన సూర్యుడు?

సూర్యుడు కూలడు. చివరికి తెల్ల మరుగుజ్జుగా మిగులుతాడు. పుట్టినప్పుడు సూర్యుడికి సుమారు 8 రెట్లు, అంతకుమించి బరువున్న నక్షత్రాలకే ఈ గతి.

నా లాప్‌టాప్‌తో అయ్యే పనేనా?

ఏం చేస్తానంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. న్యూట్రినోలతో (పదార్థాన్ని దాదాపు తాకకుండా దాటిపోయే కణాలు) సహా పూర్తి 3డీ సిమ్యులేషన్‌కు కోటికి పైగా కోర్-గంటలు పట్టడం మామూలే. 8 కోర్ల లాప్‌టాప్ మీద కోటి కోర్-గంటలంటే సుమారు 140 ఏళ్లు. అది పక్కన పెట్టండి. గోళాకారం అనుకుని చేసే 1డీ రన్ మాత్రం, న్యూట్రినోలను సులువైన లీకేజీ పద్ధతిలో లెక్కేస్తే, లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు అది చాలు. పెద్ద గ్రూపులు అందరికీ తెరిచి పెట్టిన 3డీ వేవ్‌ఫామ్‌లను దించుకుని విశ్లేషించడం ఇంకో దారి. ఆ దారిలో వెళ్తే ‘సొంతంగా ఏం చేశావు’ అంటారేమోనని కొందరికి భయం. విశ్లేషణ బాగుంటే ఎవరూ అనరు.

ముందుగా ఏం వచ్చి ఉండాలి?

లైనక్స్‌లో కమాండ్ కొట్టడం, పైథాన్‌లో గ్రాఫ్ గీయడం, ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అర్థం. సాధారణ సాపేక్షత మొత్తం అక్కర్లేదు, బలహీన క్షేత్రంలో తరంగం దాకా వస్తే చాలు. ఫోర్‌ట్రాన్ చూసి బెదిరిపోకండి, మీరు రాయాల్సింది తక్కువ, చదవాల్సింది ఎక్కువ.

## నక్షత్రం లోపల ఏం జరుగుతుంది

అంత పెద్ద నక్షత్రం ఒక్క సెకనులో ఎలా కూలుతుంది?

నక్షత్రం మొత్తం కూలదు. కూలేది నడిమధ్యనున్న ఇనుప కోర్. దాని వ్యాసార్థం ఒకటిన్నర నుంచి రెండు వేల కిలోమీటర్లు, బరువు సుమారు 1.4 సౌర ద్రవ్యరాశులు. చంద్రశేఖర్ లెక్కగట్టిన పరిమితి దగ్గరికి వచ్చేసరికి ఎలక్ట్రాన్ల ఒత్తిడి ఆ బరువును మోయలేదు. పైగా ఎలక్ట్రాన్లను ప్రోటాన్లు మింగేస్తుంటాయి, వేడికి ఇనుప కేంద్రకాలు చిట్లిపోతుంటాయి. రెండూ కలిసి ఒత్తిడిని లాగేస్తాయి. ఆ తరవాత సెకనులో మూడో వంతు కూడా పట్టదు. పదార్థం కాంతి వేగంలో దాదాపు నాలుగో వంతు వేగంతో లోపలికి పడుతుంది. పైనున్న పొరలకు ఆ సంగతి తెలిసేలోపే లోపల కథ ముగిసిపోతుంది.

బౌన్స్ తరవాత షాక్ ఆగిపోతుందంటారు. ఆగితే నక్షత్రం ఎలా పేలుతుంది?

కోర్ మధ్యలో సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 × 10¹⁴ గ్రాములు దాటితే కేంద్రక బలం ఎదురు తిరుగుతుంది. పడుతున్న పదార్థం గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి తన్నుతుంది. ఇదే బౌన్స్. అక్కడ పుట్టిన షాక్ బయటికి బయల్దేరుతుంది కానీ దారిలో ఇనుమును విడగొట్టుకుంటూ పోవాలి. 0.1 సౌర ద్రవ్యరాశి ఇనుమును ప్రోటాన్లు, న్యూట్రాన్లుగా విడగొట్టడానికే సుమారు 1.7 × 10⁵¹ ఎర్గ్‌లు ఖర్చు. మామూలు సూపర్‌నోవా పేలుడు శక్తి మొత్తం 10⁵¹ ఎర్గ్‌ల స్థాయిలోదే. అందుకే షాక్ 150-200 కిలోమీటర్ల దగ్గర నిలబడిపోతుంది.

వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కిందికి చూడండి. నీళ్లు పలచగా, వేగంగా దూకి, కొంత దూరం పోయాక ఒక్కసారిగా నురగ కట్టి లేచి నెమ్మదిస్తాయి. ఆ మార్పు జరిగే గీత దాదాపు ఒకేచోట నిలబడి ఉంటుంది, నీళ్లు మాత్రం దాన్ని దాటి పోతూనే ఉంటాయి. నిలిచిపోయిన షాక్ కూడా అంతే, కాకపోతే ఇక్కడ ప్రవాహం బయటినుంచి లోపలికి. ఇది మాటవరసకు చెప్పింది కాదు. ఫ్రాన్స్‌లో థియెరీ ఫోగ్లిజో బృందం 2012లో పలచని నీటి పొరతో ఇదే అమరిక కట్టి, షాక్ అటూ ఇటూ ఊగిపోయే అస్థిరతను బల్ల మీద చూపించింది.

నిలిచిన షాక్‌ను మళ్లీ లేపేది న్యూట్రినోలు. లోపలినుంచి పోయే న్యూట్రినోల్లో కొద్ది శాతం షాక్ వెనక పదార్థాన్ని వేడెక్కిస్తే చాలు, కొన్ని వందల మిల్లీసెకన్లలో షాక్ మళ్లీ కదులుతుంది. 1985లో బెథే, విల్సన్ చెప్పిన ఈ దారే నేటికీ ప్రధానమైనది.

అంత శక్తి ఉంది కదా, గుండ్రంగా కూలితే తరంగం ఎందుకు రాదు?

గురుత్వ తరంగానికి శక్తి ఒక్కటే చాలదు, ఆకారం చెడాలి. ద్రవ్యరాశి పంపిణీలో క్వాడ్రుపోల్ అనే భాగం (గోళం నుంచి ఎటు ఉబ్బిందో, ఎటు నొక్కుకుందో చెప్పేది) కాలంతో మారాలి, ఆ మార్పు రేటు కూడా మారుతుండాలి. పూర్తి గోళం ఎంత హింసాత్మకంగా కుంచించుకున్నా బయట గురుత్వ క్షేత్రం ఏమీ మారదు. బిర్కాఫ్ సిద్ధాంతం చెప్పేది అదే. అందుకే 3 × 10⁵³ ఎర్గ్‌లు న్యూట్రినోల్లో పోతుంటే, గురుత్వ తరంగాల్లో పోయేది 10⁴⁶ ఎర్గ్‌ల స్థాయిలోనే ఉంటుంది. ఆ కాస్తయినా వచ్చేది కలబోత వల్ల, భ్రమణం వల్ల, న్యూట్రినోలు అన్ని వైపులా సమానంగా పోకపోవడం వల్ల.

పసి న్యూట్రాన్ నక్షత్రానికీ మామూలు న్యూట్రాన్ నక్షత్రానికీ తేడా ఏంటి?

వయసు, వేడి, సైజు. బౌన్స్ తరవాత కోర్ స్థానంలో మిగిలేదే పసిది. పుట్టినప్పుడు దాని వ్యాసార్థం 50 కిలోమీటర్ల పైమాటే, ఉష్ణోగ్రత పదివేల కోట్ల డిగ్రీల పైన. ఇంకా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు దండిగా ఉంటాయి. న్యూట్రినోలు కూడా లోపలే చిక్కుకుని మెల్లగా ఊరుతూ బయటపడతాయి. పదుల సెకన్లలో వాటితో వేడి దిగిపోయి, సుమారు 12 కిలోమీటర్లకు కుదురుకుంటుంది. సిమ్యులేషన్లలో దీని ‘ఉపరితలం’ ఎక్కడో నిర్ణయించాలి కాబట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10¹¹ గ్రాములున్న చోటును తీసుకోవడం వాడుక. రిపోర్టులో ఆ మాట తప్పకుండా రాయండి. రాయకపోతే మీ వ్యాసార్థం ఎవరి వ్యాసార్థంతోనూ పోల్చలేం.

తరంగం ఏ దశలో, ఎక్కడినుంచి వస్తుంది?

బౌన్స్ అయిన వెంటనే షాక్ వెనక కాసేపు కలబోత జరుగుతుంది. అక్కడినుంచి వచ్చేది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, కొన్ని పదుల మిల్లీసెకన్లలో సద్దుమణుగుతుంది. తరవాత కొంత నిశ్శబ్దం. ఆపైన అసలు ఘట్టం. పైనుంచి ధారలుగా పడే పదార్థం పసి నక్షత్రాన్ని బాదుతుంది, లోపల ఉష్ణసంవహనం కుదుపుతుంది. ఆ దెబ్బలకు నక్షత్రం తన సొంత పౌనఃపున్యాల్లో మోగుతుంది. తేలుడు బలం వల్ల ఊగే జీ-మోడ్లు, మొత్తం శరీరం ఊగే ఎఫ్-మోడ్ ఇక్కడ ముఖ్యం. నక్షత్రం కుంచించుకుపోతున్న కొద్దీ ఆ స్వరం కొన్ని వందల హెర్ట్జ్ నుంచి వెయ్యి దాటి పైకి పోతుంది. షాక్ అటూ ఇటూ ఊగే అస్థిరత బలంగా ఉంటే 100-200 హెర్ట్జ్ దగ్గర ఇంకో పట్టీ కనిపిస్తుంది. న్యూట్రినోల అసమానత వల్ల వచ్చేది 10 హెర్ట్జ్ కన్నా కింద, మెల్లగా సాగే వాలు. 100 నుంచి 1000 హెర్ట్జ్ అంటే మన చెవికి వినిపించే శ్రేణే కాబట్టి, ఫైలును ధ్వనిగా మార్చి విన్న విద్యార్థులూ ఉన్నారు. మార్కులు రావు గానీ వినండి.

నక్షత్రం వేగంగా తిరుగుతుంటే లెక్క మారుతుందా?

బాగా మారుతుంది. తిరిగే కోర్ నడుము దగ్గర ఉబ్బుతుంది కాబట్టి బౌన్స్ క్షణంలోనే ఒక పదునైన పెద్ద దెబ్బ వస్తుంది, దాని వెంట 700-800 హెర్ట్జ్ దగ్గర కొన్ని మిల్లీసెకన్ల మోత. ఈ భాగం ఒక్కటే లెక్కకు లొంగుతుంది. మొదటి స్థితి ఒకటే ఇస్తే మళ్లీ మళ్లీ ఒకేలా వస్తుంది. 2017లో షెర్వుడ్ రిచర్స్ బృందం 18 రకాల ఈఓఎస్‌లతో (పదార్థం ఒత్తిడి ఎంతో చెప్పే స్థితి సమీకరణాలు) 1824 సిమ్యులేషన్లు నడిపి దీన్నే పరిశీలించింది. అయితే చాలా నక్షత్రాల కోర్ నెమ్మదిగానే తిరుగుతుందని నక్షత్ర పరిణామ నమూనాలు చెబుతున్నాయి. గ్రాఫ్ బాగుంటుంది కదా అని అందరూ వేగంగా తిరిగే నక్షత్రాన్నే ఎంచుకుంటారు. నాకైతే నెమ్మది నక్షత్రం మీద పనిచేసిన ప్రాజెక్టు ఎక్కువ నచ్చుతుంది.

చివరికి బ్లాక్ హోల్ అయితే?

షాక్ లేవకపోతే పదార్థం పడుతూనే ఉంటుంది, పసి నక్షత్రం మోయగల బరువు దాటి కూలిపోతుంది. తరంగం స్వరం పైకి పోతూ పోతూ ఠక్కున తెగిపోతుంది. చివర్లో కృష్ణబిలం మోగి చల్లారే చిన్న తోక ఉంటుంది. ఆ మోతను 1970లో మొదట లెక్కలో చూపించినవారు బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర.

## కోడ్, రన్

ఏ కోడ్ వాడమంటారు?

ఒక్కరే చేస్తుంటే జీఆర్1డీ. ఇవాన్ ఓకానర్, క్రిస్టియన్ ఆట్ రాసిన ఓపెన్ సోర్స్ కోడ్ ఇది. సాధారణ సాపేక్షతతో, గోళాకారంలో పనిచేస్తుంది. ఫోర్‌ట్రాన్ కంపైలర్, డేటా ఫైళ్లు చదివే హెచ్‌డీఎఫ్5 లైబ్రరీ కావాలి. కొత్తవాళ్లు ఆగిపోయేది ఫిజిక్స్ దగ్గర కాదు, ఈ హెచ్‌డీఎఫ్5 దగ్గర. ఏ కంపైలర్‌తో కోడ్ కంపైల్ చేస్తున్నారో అదే కంపైలర్‌తో ఆ లైబ్రరీ కూడా కట్టి ఉండాలి. లేకపోతే మాడ్యూల్ ఫైల్ చదవలేనని మొరాయిస్తుంది. బహుమితీయ పనికి ఐన్‌స్టైన్ టూల్‌కిట్, ఫ్లాష్ లాంటివి ఉన్నాయి, కానీ వాటికి క్లస్టర్, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ప్రిన్స్‌టన్ ఫోర్నాక్స్, ఓక్ రిడ్జ్ కైమెరా పేర్లు పేపర్లలో తగులుతూ ఉంటాయి. అవి ఆయా బృందాల సొంత పనిముట్లు.

ఈఓఎస్ టేబుల్ ఏది పెట్టాలి? ఏదైనా ఒకటేనా?

ఒకటి కాదు. సాంద్రత, ఉష్ణోగ్రత, ఎలక్ట్రాన్ల నిష్పత్తి ఈ మూడింటినిబట్టి ఒత్తిడి ఎంతో చెప్పే పెద్ద పట్టిక అది. ఫైల్ వందల మెగాబైట్లుంటుంది. 1991 నాటి లాటిమర్-స్వెస్టీ రకంలో ఎల్‌ఎస్220 ఇప్పటికీ అందరూ పోలికకు వాడేది. కొత్తవాటిలో ఎస్‌ఎఫ్‌హెచ్‌ఓ మంచిది. ఎల్‌ఎస్180 మాత్రం వాడకండి. 2 సౌర ద్రవ్యరాశుల పల్సార్లు (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు) ఆకాశంలో ఉన్నాయని రుజువైంది, ఆ పట్టిక అంత బరువును మోయలేదు. ఒకే నక్షత్రాన్ని రెండు పట్టికలతో నడిపి తేడా చూపిస్తే ఒక అధ్యాయం తయారవుతుంది.

మేడమ్, నా నక్షత్రం పేలట్లేదు. కోడ్ తప్పా?

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. టెన్షన్ పడకండి. గోళాకార సిమ్యులేషన్లలో నక్షత్రాలు మామూలుగా పేలవు. కారణం భౌతికశాస్త్రమే. 1డీలో వేడి పదార్థం పైకి లేచి, చల్లటిది కిందికి దిగే దారి లేదు. కలబోత లేకపోతే న్యూట్రినోల వేడి షాక్ వెనక తగినంతసేపు నిలవదు. 8-9 సౌర ద్రవ్యరాశుల అంచులో ఉన్న తేలిక నక్షత్రాలు మాత్రమే 1డీలో పేలతాయి. మీ 15 సౌర ద్రవ్యరాశుల నక్షత్రం 1డీలో పేలిందంటేనే అనుమానించాలి. న్యూట్రినో వేడిని ఎక్కడైనా చేత్తో పెంచారేమో పారామీటర్ ఫైల్ తెరిచి చూడండి.

టైమ్ స్టెప్ మరీ ఇంత చిన్నదా? రన్ కదలట్లేదు.

కోడ్ నక్షత్రాన్ని చిన్న చిన్న గడులుగా కోస్తుంది. ఒక గడి సైజును సంకేతం దాటే సమయం కన్నా టైమ్ స్టెప్ చిన్నదిగా ఉండాలనేది కూరాంట్ షరతు. మధ్యలో గడి 200 మీటర్లనుకుంటే కాంతి దాన్ని దాటేది 0.67 మైక్రోసెకన్లలో. ఒక్క సెకను సిమ్యులేషన్‌కు 15 లక్షల అడుగులు. గడిని సగం చేస్తే అడుగులు రెట్టింపు, 1డీలో పని నాలుగింతలు, 3డీలో పదహారింతలు. షరతు అంకెను పెంచి తొందర చేద్దామని చూస్తే బౌన్స్ దగ్గర ‘నాన్’ (అంకె కాని ఫలితం) వచ్చి ఆగుతుంది.

రన్ మధ్యలో కరెంట్ పోయింది. మొదటినుంచా?

చెక్‌పాయింట్ ఆన్ చేసి ఉంటే కాదు. పారామీటర్ ఫైల్‌లో రీస్టార్ట్ ఆప్షన్ పెట్టి, ప్రతి కొన్ని మిల్లీసెకన్ల సిమ్యులేషన్ కాలానికి ఒక ఫైల్ రాయించండి. చివరిగా రాసినవి రెండు ఉంచి మిగతావి చెరిపేయండి, ఎందుకంటే కరెంట్ సరిగ్గా ఫైల్ రాస్తున్నప్పుడే పోతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో ఇంకో తంటా ఉంది. బ్రాడీపేట మేడమీద గదిలో మధ్యాహ్నం లాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లెక్క తప్పు రాదు, ఆలస్యమవుతుందంతే. పెద్ద రన్లు రాత్రి వేసుకోండి. పరుపు మీద పెట్టి మాత్రం నడపకండి.

2డీలో తరంగం పెద్దగా వచ్చింది, 3డీ పేపర్లలో చిన్నగా ఉంది. ఏది నిజం?

3డీ. రెండు మితుల్లో సుడులు చిన్నవి చేరి పెద్దవవుతాయి, మూడు మితుల్లో పెద్దవి విరిగి చిన్నవవుతాయి. పెద్ద సుడులు నక్షత్రాన్ని గట్టిగా బాదుతాయి కాబట్టి 2డీలో తరంగం ఉబ్బి కనిపిస్తుంది. పైగా 2డీలో ప్లస్ రకం ధ్రువణమే ఉంటుంది, అక్షం మీదనుంచి చూసేవాడికి అది కూడా సున్నా. పౌనఃపున్యం విషయంలో మాత్రం 2డీ, 3డీ చాలావరకు ఒకే మాట చెబుతాయి.

## తరంగాన్ని బయటికి తీయడం

క్వాడ్రుపోల్‌ను రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే గ్రాఫ్ అంతా ముళ్లు ముళ్లుగా వస్తోంది

వస్తుంది. సంఖ్యాత్మకంగా ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తేనే శబ్దం పెరుగుతుంది, రెండోసారికి అసలు సంకేతం మునిగిపోతుంది. పైగా క్వాడ్రుపోల్‌లో దూరం వర్గం ఉంది కాబట్టి దూరంగా ఉన్న పలుచని పదార్థంలోని చిన్న తప్పు కూడా పెద్దదై కూర్చుంటుంది. కాల వ్యుత్పన్నాన్ని ద్రవ్యరాశి నిత్యత్వ సమీకరణంతో ముందే వేగాల్లోకి మార్చేయండి. అప్పుడు మొదటి వ్యుత్పన్నం సాంద్రత, స్థానం, వేగం ఉన్న సమాకలనం అవుతుంది. మీరు ఒక్కసారి డిఫరెన్షియేట్ చేస్తే సరిపోతుంది. 1990లో ఫిన్, ఎవాన్స్ చూపిన ఉపాయం ఇది. గ్రాఫ్‌ను స్మూత్ చేసి ముళ్లు దాచడం పరిష్కారం కాదు. దాచిన సంగతి ఫోరియర్ స్పెక్ట్రమ్‌లో బయటపడుతుంది.

పేపర్లలో తరంగం సెంటీమీటర్లలో ఎందుకు ఇస్తారు? స్ట్రెయిన్‌కు యూనిట్ లేదు కదా

వాళ్లు ఇచ్చేది స్ట్రెయిన్ (పొడవు ఎంత నిష్పత్తిలో మారిందో చెప్పే అంకె) కాదు, స్ట్రెయిన్‌ను దూరంతో గుణించగా వచ్చింది. నక్షత్రం ఎంత దూరంలో పేలుతుందో సిమ్యులేషన్‌కు తెలియదు కదా. గ్రాఫ్‌లో 5 సెంటీమీటర్లు అని ఉందనుకోండి. 10 కిలోపార్సెక్‌లు, అంటే 3.1 × 10²² సెంటీమీటర్లతో భాగిస్తే 1.6 × 10⁻²². లైగో చేతి (లేజర్ కాంతి తిరిగే గొట్టం) పొడవు 4 కిలోమీటర్లతో గుణిస్తే 6.5 × 10⁻¹⁹ మీటర్లు, ప్రోటాన్ వ్యాసంలో దాదాపు రెండున్నర వేల వంతు. ఈ భాగహారం వైవాలో బోర్డు మీద చేయగలిగితే మీ సగం పని అయిపోయినట్టే.

టైమ్ జీరో ఎక్కడ పెట్టాలి?

బౌన్స్ దగ్గర. లోపలి కోర్ అంచున ఎంట్రపీ ఒక్కో బేరియాన్‌కు 3 బోల్ట్‌జ్‌మన్ యూనిట్లు తాకిన క్షణాన్ని తీసుకోవడం ఒక వాడుక, కేంద్ర సాంద్రత గరిష్ఠమైన క్షణం ఇంకొకటి. తేడా స్వల్పం. ఏది వాడారో రాయండి.

స్పెక్ట్రోగ్రామ్‌లో పైకి లేచే గీత ఏంటి? దాన్నుంచి ఏం చెప్పొచ్చు?

స్పెక్ట్రోగ్రామ్ అంటే ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం బలంగా ఉందో చూపే చిత్రం. నా దృష్టిలో ఈ టాపిక్ మొత్తానికి ప్రాణం ఆ గీతే. అది పసి న్యూట్రాన్ నక్షత్రం మోగే స్వరం. 2013లో బెర్న్‌హార్డ్ ముల్లర్, హాన్స్-థామస్ యాన్కా, ఆండ్రియాస్ మారెక్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ పౌనఃపున్యం ముఖ్యంగా ద్రవ్యరాశిని వ్యాసార్థం వర్గంతో భాగించినదాన్ని, అంటే ఉపరితల గురుత్వాన్ని అనుసరిస్తుంది. దాని మీద న్యూట్రినోల సగటు శక్తి, సాపేక్షత సవరణ కొద్దిగా పనిచేస్తాయి. అంకెలు వేసి చూడండి. 1.5 సౌర ద్రవ్యరాశులు, ప్రతిన్యూట్రినో సగటు శక్తి 15 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్లు) అనుకుంటే, వ్యాసార్థం 50 కిలోమీటర్లున్నప్పుడు సుమారు 320 హెర్ట్జ్ వస్తుంది. 30 కిలోమీటర్లకు కుంచించుకునేసరికి సుమారు 830. అంటే గీత ఎంత త్వరగా లేస్తోందో చూసి, నక్షత్రం ఎంత త్వరగా కుంచించుకుంటోందో చెప్పొచ్చు. ఏ టెలిస్కోపూ చూడలేని చోట జరిగే పని అది.

విండో నిడివి విషయంలో ఒక మాట. 5 మిల్లీసెకన్లు పెడితే గీత లావుగా అలికినట్టుంటుంది, 100 పెడితే కాలంలో సాగిపోతుంది. 20 నుంచి 40 మధ్య ప్రయత్నించండి.

1డీలో తరంగం సున్నా అన్నారు. మరి నా 1డీ రన్ దేనికి?

1డీ రన్ ప్రతి క్షణానికీ సాంద్రత, ఒత్తిడి, ధ్వని వేగం ప్రొఫైల్ ఇస్తుంది. ఆ ప్రొఫైల్‌ను నిలకడగా ఉన్న నక్షత్రంగా తీసుకుని, దాని మీద చిన్న కదలికల సమీకరణాలు పరిష్కరిస్తే మోడ్ల పౌనఃపున్యాలు వస్తాయి. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి ఇలా చేసి చుక్కలు కలిపితే, పెద్ద సూపర్‌కంప్యూటర్ల స్పెక్ట్రోగ్రామ్‌లో కనిపించే గీత మీ లాప్‌టాప్‌లో ప్రత్యక్షమవుతుంది. తరంగం ఎంత పెద్దదో చెప్పలేరు, ఏ స్వరంలో ఉంటుందో చెప్పగలరు. గురుత్వ క్షేత్రం కదలకుండా బిగించే కౌలింగ్ అంచనాతో మొదలుపెట్టొచ్చు, కానీ అది ఎఫ్-మోడ్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని రిపోర్టులో ఒప్పుకోండి.

న్యూటన్ గురుత్వంతో చేసినవాళ్ల అంకెలు ఎందుకు ఎక్కువ?

పూర్తి సాపేక్షత బదులు, న్యూటన్ కోడ్‌లో సవరించిన పొటెన్షియల్ పెట్టడం చాలా గ్రూపుల పద్ధతి. నక్షత్రం బరువు, సైజు బాగానే వస్తాయి గానీ పౌనఃపున్యం 15-20 శాతం ఎక్కువ వస్తుంది. రెండు పేపర్ల గీతలు పోల్చేముందు ఎవరు ఏ గురుత్వం వాడారో చూడండి.

నా గ్రాఫ్ చివర సున్నాకు రాకుండా పైనే ఉండిపోయింది

తప్పు కాకపోవచ్చు. షాక్ ఒకవైపు ఎక్కువగా దూసుకుపోయినా, న్యూట్రినోలు ఒకవైపు ఎక్కువగా వెళ్లినా తరంగం శాశ్వతంగా కొంత జరిగిపోతుంది. అదే మెమరీ. బలవంతంగా సున్నాకు దించకండి.

## డిటెక్టర్ దగ్గర

మన గెలాక్సీలో పేలితే లైగో పట్టేస్తుందా?

దగ్గరైతే ఆశ ఉంది. నెమ్మదిగా తిరిగే నక్షత్రమైతే ఇప్పటి డిటెక్టర్లకు కొన్ని కిలోపార్సెక్‌ల దూరం సౌకర్యం. గెలాక్సీ అవతలి అంచున పేలితే కష్టం. వేగంగా తిరిగేదైతే ఇంకా దూరం అందుతుంది. అమెరికాలో అనుకుంటున్న 40 కిలోమీటర్ల చేతుల కాస్మిక్ ఎక్స్‌ప్లోరర్, ఐరోపా ఐన్‌స్టైన్ టెలిస్కోప్ వస్తే గెలాక్సీ మొత్తం పరిధిలోకి వస్తుంది. మన పాలపుంతలో ఇలాంటి పేలుళ్లు వందేళ్లకు ఒకటో రెండో అని అంచనా. ఏ రకం సూపర్‌నోవా అయినా సరే, పాలపుంతలో కంటికి కనిపించిన చివరిది 1604లో. ఓపిక కావాలి.

కృష్ణబిలాల్లాగా టెంప్లేట్‌తో వెతకొచ్చు కదా?

కుదరదు. జంట కలయిక తరంగాన్ని ముందే గీసి, డేటా మీద పెట్టి సరిపోల్చవచ్చు. ఇక్కడ తరంగం అల్లకల్లోల ప్రవాహం నుంచి పుడుతుంది. గడి సైజు కాస్త మార్చి అదే నక్షత్రాన్ని మళ్లీ నడిపితే శిఖరాలు, లోయలు వేరేచోట వస్తాయి. మీ రెండు రన్లు కలవట్లేదని కంగారు పడేది ఇందుకే, కంగారు అక్కర్లేదు. శిఖరాలు కలవవు, స్పెక్ట్రోగ్రామ్‌లో గీత కలుస్తుంది. అందుకే వెతికే పద్ధతులు రూపాన్ని ముందే ఊహించకుండా, రెండు మూడు డిటెక్టర్లలో ఒకేసారి లేచిన అదనపు శక్తి కోసం చూస్తాయి. కోహెరెంట్ వేవ్‌బర్స్ట్ అలాంటిదే. ప్రాజెక్టులో పీక్-టు-పీక్ పోలిక పట్టిక చూస్తే నేను అక్కడే పెన్ను ఆపుతాను.

ముందు ఏది వస్తుంది? వెలుగా, తరంగమా?

గురుత్వ తరంగం, న్యూట్రినోలు దాదాపు కలిసే వస్తాయి. వెలుగు రావాలంటే షాక్ నక్షత్రం ఉపరితలం దాకా పోవాలి, అందుకు గంటలు పడుతుంది, ఎర్రటి మహా నక్షత్రమైతే ఒక రోజు దాకా. 1987 ఫిబ్రవరి 23న పెద్ద మెగెల్లానిక్ మేఘంలో పేలినప్పుడు జపాన్, అమెరికా, రష్యా డిటెక్టర్లకు కలిపి రెండు డజన్ల న్యూట్రినోలు వెలుగుకన్నా ముందే చిక్కాయి. అప్పటికి లైగో లేదు. ఇప్పుడు న్యూట్రినోలు కనబడగానే గురుత్వ తరంగాల వాళ్లకు ఏ సెకను దగ్గర వెతకాలో తెలుస్తుంది. వెతికే కిటికీ చిన్నదైతే తప్పుడు అలారాలు తగ్గుతాయి.

ఆరుద్ర నక్షత్రం పేలబోతోందని యూట్యూబ్‌లో చెప్తున్నారు. నిజమా?

మన రైతులకు కార్తె పేరుగా తెలిసిన ఆరుద్రే బీటెల్‌జ్యూస్. పేలడం ఖాయం, ఎప్పుడన్నది లక్ష ఏళ్ల లోపు అనుకోవచ్చు. రేపు అనేవాళ్ల మాట నమ్మకండి. 2019 చివర్లో మసకబారినప్పుడు ఇదే గోల జరిగింది, అది ధూళి వల్లనని తేలింది. పేలితే మాత్రం పండగే. అది సుమారు 200 పార్సెక్‌ల దూరం అనుకుంటే 10 కిలోపార్సెక్‌ల దగ్గరి నక్షత్రం కన్నా తరంగం 50 రెట్లు పెద్దగా వస్తుంది.

లైగో-ఇండియాను మన వైపు ఎందుకు పెట్టలేదు?

స్థలం మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్. 2023 ఏప్రిల్‌లో కేంద్రం సుమారు 2600 కోట్లతో పూర్తి అనుమతి ఇచ్చింది. నాలుగేసి కిలోమీటర్ల రెండు చేతులకు చదునైన నేల, కంపనం లేని ప్రశాంతత కావాలి. అమెరికాలో లివింగ్‌స్టన్ డిటెక్టర్‌కు దగ్గర్లో పోయే రైళ్లే తలనొప్పి. విజయవాడ జంక్షన్‌లో రాత్రింబవళ్లు పోయే గూడ్సు బండ్లను తలచుకుంటే జవాబు దొరుకుతుంది.

## వైవా, ఆ తరవాత

ఎక్స్‌టర్నల్ ఏం అడుగుతారు?

‘రిజల్యూషన్ మారిస్తే నీ జవాబు మారుతుందా?’ అని అడుగుతారు. కనీసం రెండు గడి సైజులతో నడిపిన గ్రాఫ్ దగ్గర ఉంచుకోండి. రెండో ప్రశ్న ‘గోళానికి తరంగం ఎందుకు రాదు?’. మూడోది యూనిట్లు. చాలామంది ఎర్గ్‌లు, జౌళ్ల దగ్గర తడబడతారు. ఒక జౌల్ అంటే 10⁷ ఎర్గ్‌లు.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందా అని నాన్న అడుగుతున్నారు

న్యాయమైన ప్రశ్న. పీహెచ్‌డీకి వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్, జెస్ట్, గేట్ రాయాలి. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థలు ఐయూకాకు, ఎన్‌సీఆర్‌ఏకు కలిపి వేరే ప్రవేశ పరీక్ష ఉంది. ఈ రంగంలో సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. నాన్నగారికి ఆ మాట దాచొద్దు. ఒకవేళ ఈ దారి వదిలేసినా, లైనక్స్, సమాంతర ప్రోగ్రామింగ్, శబ్దంలోంచి సంకేతం తీయడం చేతికొచ్చి ఉంటాయి. వాటికి బయట గిరాకీ ఉంది. రెజ్యూమెలో ‘సూపర్‌నోవా’ అని రాస్తే ఇంటర్వ్యూలో ఐదు నిమిషాలు దాని మీదే మాట్లాడతారు. కోడ్ లింకు కూడా పక్కనే పెట్టండి, రన్ చేసి చూసేవాళ్లుంటారు.